శిస్తుతో పాటు బడి పన్ను - గోదావరి డెల్టాలో కమ్యూనిటీ కాలేజీ కథ

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళు ఏడాదికోసారి తప్పనిసరిగా తిట్టుకునే కాగితం ఒకటుంది, ప్రాపర్టీ టాక్స్ బిల్లు. చాలా రాష్ట్రాల్లో ఆ బిల్లులో స్కూల్ డిస్ట్రిక్టు పక్కనే ఇంకో వరస కూడా ఉంటుంది, స్థానిక కమ్యూనిటీ కాలేజీది. "మా పిల్లలు అందులో చదవరు కదా, మనమెందుకు కట్టాలి?" అని మన వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఓ చర్చ లేస్తూ ఉంటుంది. ఆ చర్చ చూసినప్పుడల్లా నాకు నర్సాపురం గుర్తొస్తుంది. నర్సాపురానికీ ప్రాపర్టీ టాక్స్‌కీ సంబంధం ఏంటంటారా? చాలానే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఆ కమ్యూనిటీ కాలేజీ సంగతి. చికాగో దగ్గర జోలియెట్ అనే ఊళ్ళో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన జూనియర్ కాలేజీని ఈ బాపతులో మొదటిదని చెప్తారు. హైస్కూలు అయ్యాక ఊళ్ళోనే ఉండి రెండేళ్ళు చదువుకోవడం, తర్వాత కావాలంటే యూనివర్సిటీకి వెళ్ళి మిగతా రెండేళ్ళూ పూర్తి చేసుకోవడం, ఇదీ ఏర్పాటు. "కమ్యూనిటీ కాలేజీ" అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది 1947లో ట్రూమన్ కమిషన్ నివేదిక తర్వాత. మన దేశంలో ఈ పేరుతో మొదటిది 1995లో పాండిచ్చేరిలో పెట్టారు, 2013 ప్రాంతంలో యూజీసీ ఒక పథకం కూడా పెట్టింది. అంటే మనం అమెరికాని చూసి ఆలస్యంగా నేర్చుకున్నామన్నమాట. అందరూ చెప్పే కథ ఇదే. నాకు మాత్రం ఇది సగం కథే అనిపిస్తుంది.

మిగతా సగం ధవళేశ్వరం దగ్గర మొదలవుతుంది. కాటన్ దొర ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 వరకు. కాకినాడలో ఇప్పటి పి.ఆర్. కాలేజీకి మూలమైన స్కూలు పెట్టింది ఆ 1852లోనే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి మూలమైన జిల్లా స్కూలు ఆ మరుసటి ఏడు, 1853లో. వీటి వెనక ఎవరో ప్లాన్ వేశారని నేననను. కానీ నీళ్ళొస్తే పంట, పంటొస్తే నాలుగు డబ్బులు, డబ్బులొస్తే రసీదులు, పట్టాలు, కోర్టు కాగితాలు. కరణంగారు రాసిందే వేదం అనుకుని కూర్చుంటే ఇక కుదరదు. అక్షరం అవసరం వచ్చిపడింది అందుకేనని నా ఊహ.

అప్పటికి అంతా కలిపి రాజమండ్రి జిల్లాయే (గోదావరి జిల్లా అనే పేరు 1859లో వచ్చింది, పశ్చిమ గోదావరి వేరుపడింది 1925లో). ఆ జిల్లాకి నర్సాపురంలో ఒక సబ్-కలెక్టరు ఉండేవాడు, పేరు జి.ఎన్. టేలర్. ఈయన 1850ల మధ్యలో నర్సాపురంలో ఒక స్కూలు పెట్టించాడు. తర్వాత పాలకొల్లు, పెనుగొండ, ఆచంట. ఇక్కడివరకూ మామూలు దొరల కథే. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, "మా ఊళ్ళో కూడా తెలుగు బడి పెట్టండి, దాని ఖర్చుకి మా భూమి శిస్తు మీద ఏటా ఇంతని కలిపి కట్టుకుంటాం" అని ఒప్పుకుంటూ అర్జీలు పెట్టుకున్నారు. వీటికి "రేట్ స్కూళ్ళు" అని పేరు. రేట్ అంటే ఇక్కడ ధర కాదు, స్థానిక పన్ను అని అర్థం.

ఒక్కసారి ఆలోచించండి. భూమి మీద పన్ను, ఆ పన్ను డబ్బుతో ఆ ఊళ్ళోనే చదువు. మన వాట్సాప్ మిత్రులు తిట్టుకుంటున్న బిల్లులో ఉన్నది అచ్చంగా ఇదే. జోలియెట్‌లో ఆ ఆరుగురు చేరడానికి దాదాపు యాభై ఏళ్ళ ముందు పాలకొల్లు చుట్టుపక్కల ఈ పద్ధతి నడిచింది. అక్కడ పెట్టినవి కాలేజీలు కావు, చిన్న బళ్ళే. కానీ ఆర్కిటెక్చర్ ఒకటే :-)

మరి ఎందుకు నిలబడలేదు? "స్వచ్ఛందం" అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. శిస్తు వసూలు చేసే సర్కారే బడి పన్నూ వసూలు చేస్తుంటే, "ఇష్టమైతేనే కట్టండి" అన్నది రైతు చెవికి ఎలా వినపడుతుంది? కొన్నాళ్ళకి ఇది పేరుకే స్వచ్ఛందం అని పైవాళ్ళకీ అర్థమైంది. అలాంటప్పుడు చట్టబద్ధం చేసేద్దామని 1863లో మద్రాసు విద్యా చట్టం తెచ్చారు. ఒక జిల్లాలో కొన్ని ఊళ్ళు మొదలుపెట్టిన పని కోసం మొత్తం ప్రెసిడెన్సీకి చట్టం రావడం చిన్న విషయం కాదు. పన్ను వసూలుకి, బడి నిర్వహణకి కమిషనర్లని పెట్టుకోవచ్చన్నారు. అయితే కాగితం మీదకి ఎక్కాక అందులో ఊపిరి పోయింది. 1871లో లోకల్ ఫండ్స్ చట్టం వచ్చి రోడ్లనీ బళ్ళనీ ఒకే గాటన కట్టి బోర్డులకి అప్పగించింది. ఆ బోర్డులకి అధ్యక్షుడు ఎవరు? కలెక్టరుగారే. తన బడి ఎలా నడుస్తోందో అడిగే హక్కు రైతుకి రాకముందే బడి ఊరి చేతిలోంచి జారిపోయింది.

ఇక కాలేజీలు. మద్రాసు యూనివర్సిటీ కింద అప్పట్లో "సెకండ్ గ్రేడ్ కాలేజీ" అని ఉండేది. మెట్రిక్ తర్వాత రెండేళ్ళు చదివి ఎఫ్.ఏ. పరీక్ష రాయడం, డిగ్రీ కావాలంటే ఫస్ట్ గ్రేడ్ కాలేజీకి వెళ్ళడం. రెండేళ్ళు ఇక్కడ, మిగతా రెండేళ్ళు ఇంకోచోట! రాజమండ్రి స్కూలు 1873లో సెకండ్ గ్రేడ్ కాలేజీ అయింది, 1877లో ఫస్ట్ గ్రేడ్. కాకినాడది పిఠాపురం రాజా గంగాధర రామారావుగారి విరాళంతో 1884లో కాలేజీ అయింది. అంటే రెండేళ్ళ కాలేజీ అనేది కూడా మనకి కొత్తేం కాదు. ఈ ఎఫ్.ఏ.యే తర్వాత ఇంటర్మీడియెట్ అయింది, ఇంటర్ 1971లో వేరే బోర్డు కిందకి వెళ్ళింది. చివరికి దానికి ఏ గతి పట్టిందో మనలో కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళలో ఆ రెండేళ్ళూ గడిపినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

కాకినాడ దగ్గర కాసేపు ఆగుదాం. గోడలు కట్టడానికి డబ్బు ఇచ్చినవారు ఒకరు, లోపలికి ఎవర్ని రానివ్వాలో నిర్ణయించినవారు ఇంకొకరు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1904 నుంచి 1919 వరకు అక్కడ ప్రిన్సిపాలు. బ్రహ్మసమాజం మనిషి, వీరేశలింగంగారి తర్వాత తరంలో ఆ స్థాయి సంస్కర్త. ఆడపిల్లల్ని మగపిల్లలతో పాటు క్లాసులో కూర్చోబెట్టారు. దళిత విద్యార్థులకి కాకినాడలో హాస్టల్ నడిపారు, అనాథ పిల్లలకి శరణాలయం పెట్టించారు. ఖర్చుకి వెనక నిలబడింది ఆయన శిష్యుడి లాంటి పిఠాపురం మహారాజా సూర్యారావుగారు. (అవును, మనం ఆన్‌లైన్‌లో తెగ వెతికే సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరు మీదదే.) చలం చదివింది ఆ కాలేజీలో. కృష్ణశాస్త్రిగారి మీద వెంకటరత్నం నాయుడుగారి ప్రభావం అందరికీ తెలిసిందే. తర్వాత రోజుల్లో కోనసీమలో ఒక దళిత కుటుంబం నుంచి వచ్చిన బోయి భీమన్నగారు కూడా అక్కడే చదువుకున్నారు.

కమ్యూనిటీ కాలేజీ మిషన్ స్టేట్‌మెంట్లలో "అందరికీ ప్రవేశం" అని రాస్తారు చూడండి, కాకినాడలో ఆ మాటకి ఖరీదు ఉంది. ఫీజు తక్కువగా పెడితే చాలదు, పక్క బెంచీలో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్నకి ప్రిన్సిపాలు జవాబు చెప్పుకోవాలి. ఆయన చెప్పుకున్నారు. అయితే ఇదంతా ఒక మంచి రాజుగారు, ఒక మంచి ప్రిన్సిపాలు ఒకే కాలంలో దొరకడం వల్ల జరిగింది. ఊరు ఓటేసి చేసింది కాదు. మన భాషలో చెప్పాలంటే మొత్తం ప్రాజెక్టు ఇద్దరు డెవలపర్ల మీద నడిచింది.

ఊరు మళ్ళీ రంగంలోకి దిగింది 1945లో. ఆ ఒక్క ఏడాదే భీమవరంలో వెస్ట్ గోదావరి భీమవరం కాలేజీ (తర్వాత డి.ఎన్.ఆర్. కాలేజీ అయింది), ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ పుట్టాయి. 1949లో నర్సాపురంలో వై.ఎన్. కాలేజీ. అప్పటికి ఆంధ్రా యూనివర్సిటీ వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. 1942లో బర్మా పడిపోయాక అక్కడి బియ్యం ఆగిపోయింది, బియ్యం ధర పెరిగింది. డెల్టాలో డబ్బు ఆడింది. ఈసారి దాన్ని చదువులోకి మళ్ళించింది సర్కారు కాదు, రైతులూ, మిల్లర్లూ, ప్లీడర్లూ కూర్చున్న కమిటీలు.

ఈ కాలేజీలు చేసిన పని మనం సరిగ్గా లెక్కేసుకోలేదు. మద్రాసుకీ వాల్తేరుకీ పంపని తల్లిదండ్రులు బస్సు పాస్ తీయించి భీమవరానికీ ఏలూరుకీ పంపారు, ముఖ్యంగా ఆడపిల్లల్ని. మనలో చాలామందికి స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టార్లు, టీచరమ్మలు ఇలాంటి కాలేజీల పంటే. వాళ్ళు లేకపోతే మనకి ఎంసెట్టూ లేదు, ఆన్‌సైటూ లేదు.

లోపమూ ఇక్కడే ఉంది. కమిటీ అంటే మొదట్లో ఊరే. రెండు తరాలు గడిచేసరికి అది కొన్ని కుటుంబాలు, చాలాచోట్ల ఒకే కులం. "కమ్యూనిటీ" అన్న మాటకి మన దగ్గర కులం అనే అర్థం ఊరికే రాలేదు. అమెరికాలో చాలా చోట్ల పన్ను కట్టేవాడు కాలేజీ ట్రస్టీలకి ఓటేస్తాడు, నచ్చకపోతే దించుతాడు. మన డెల్టాలో చందా ఇచ్చినవాడి మనవడికి ఆ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌ని పలకరించే హక్కు తప్ప ఇంకేం మిగల్లేదు.

తర్వాతది మనకి తెలిసిన కథే. 1980లో భీమవరంలో ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, ఆ తర్వాత వరసపెట్టి డెల్టా అంతా ఇంజనీరింగ్ కాలేజీలే. నేనూ అలాంటి ఓ బస్సెక్కినవాణ్ణే. డిగ్రీ కాలేజీ అంటే "ఏం, సీటు రాలేదా?" అని అడిగే చోటైపోయింది.

ఆ మీదట 2021. 1854 నాటి వుడ్ డెస్పాచ్‌తో వచ్చిన గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతి వల్లే మన "ఎయిడెడ్ కాలేజీ" అనే మాట పుట్టింది. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థలకి దారులు చూపించింది. ఆస్తులతో సహా ప్రభుత్వానికి ఇచ్చేయండి, లేదా ఎయిడ్ మీద ఉన్న సిబ్బందిని మాకిచ్చి మీరు ప్రైవేటుగా నడుపుకోండి. విద్యార్థులు రోడ్డెక్కారు, గొడవలయ్యాయి. నవంబరులో, బలవంతం లేదు, ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు అన్నారు. విధానం మంచిదా చెడ్డదా అని వాదించుకోవచ్చు. నాకు కొట్టొచ్చినట్టు కనపడింది మాత్రం వేరే. ఆ ఉత్తర్వులు మాట్లాడింది యాజమాన్యాలతో. ఆప్షన్ ఎంచుకోవాల్సింది యాజమాన్యం, తీసుకోవాల్సింది ప్రభుత్వం. ఎనభై ఏళ్ళ కిందట ఊరు వేసిన చందాలతో లేచిన కాలేజీ విషయంలో ఊరిని అడగాలన్న ఆప్షన్ ఆ జాబితాలో లేనే లేదు.

భీమవరం, ఏలూరు, నర్సాపురం, అమలాపురం వైపు వాళ్ళకి ఒక మనవి. మీ ఇళ్ళలో తాతల కాలం నాటి కాలేజీ చందా రసీదులు, ఫలానా ఊరి నుంచి ఇంత ఇచ్చారన్న కాగితాలు ఉంటే పారేయకండి. ఫోటో తీసి పంపితే ఊరివారీగా ఒక చోట పెడదాం. స్ప్రెడ్‌షీట్ పని నేను చూసుకుంటాను.