కొఠీకైన ఖర్చు: కోరమాండలు తీరమున ఈస్టిండియా కంపెనీ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలనిరి. పరదేశమున కొట్టు పెట్టి చూడు అని మూడవ మాట చేర్చదగినంత అనుభవమును పదునేడవ శతాబ్దమున ఇంగ్లీషు వర్తకులు మన తీరముననే పొందిరి. ఆ వర్తకుల సంఘము తరువాతి కాలమున రాజ్యమేలినందున మనము దాని చరిత్రను యుద్ధములతోను సంధులతోను చదువుకొనుచున్నాము. కాని ప్లాసీ యుద్ధమునకు నూరేండ్లకు ముందు అది అప్పులకు వెరచుచు, కొలువుగాండ్రు చేయు ఖర్చులకు కసరుచు, ప్రతి వరహాకును లెక్క అడుగు సంఘము. ఆనాటి ఉత్తరములలో శౌర్యముకన్న పద్దులే అధికము. ఆ పద్దులను చూచినచో పరదేశమున వర్తకమును స్థాపించుటకు ఏమి ఖర్చగునో తెలియుటయే గాక, ఆ ఖర్చు క్రమముగ ఎవరి నెత్తిమీదికి దిగెనో కూడ తెలియును.

1600 డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తు రాణి ఈ కంపెనీకి అధికార పత్రము నిచ్చెను. మొదటి యాత్రకు సభ్యులు సుమారు 68 వేల పౌనులు పోగుచేసిరి. అందు వెండి రూపమున పంపినది 28,742 పౌనులు. అమ్మకమునకు పంపిన సరుకు 6,860 పౌనులు మాత్రమే. ఇంచుమించు సగము ధనము ఓడలకును, వాని సన్నాహమునకును పోయినది. ముఖ్యమైన ఓడ యొక్కటియే 3,700 పౌనులకు కొనబడినది. వెండి అంత హెచ్చుగను, సరుకు ఇంత తక్కువగను ఉండుటకు కారణము ఊహింపవచ్చును. ఇంగ్లండులో విరివిగ దొరకునది ఉన్నిగుడ్డ. ఉక్కపోతకు అల్లాడు దేశములందు ఉన్నిగుడ్డను కొనువారెవరు?

మన తీరమునకు వారు వచ్చినది 1611లో. గ్లోబు అను ఓడకు ఆంథొని హిప్పను నాయకుడు. వర్తక వ్యవహారమును నడుపుటకు పీటరు ఫ్లోరిస్, లూకస్ ఆంథ్యూనిస్ అను ఇద్దరు డచ్చివారు కూడ వచ్చిరి. వీరు పూర్వము డచ్చి కంపెనీలో పనిచేసి ఈ తీరపు మర్మములు తెలిసికొనినవారు. అట్టివారిని కొలువునకు కుదుర్చుకొనుటయే ఇంగ్లీషువారు పెట్టిన ఖర్చులలో మిక్కిలి తెలివైనదని నాకు తోచును. అయినను ఆగస్టు మాసమున పులికాటు చేరగనే చుక్కెదురైనది. తమ అనుమతి లేనిదే ఇతర ఐరోపావారికి అచ్చట వర్తకము లేదని వెంకటపతి దేవరాయలతో చేసికొనిన ఒడంబడికను డచ్చివారు చూపిరి. గ్లోబు ఉత్తరమునకు సాగి నిజాంపట్టణమునను, మచిలీపట్టణమునను వర్తకులను దింపెను.

అచ్చట వారు పెట్టిన దానిని ఫ్యాక్టరీ అనిరి. పేరు ఫ్యాక్టరీయే గాని అందు తయారగునదేదియు లేదు; ఫ్యాక్టరు అనగా వర్తక ప్రతినిధి, అతడుండు చోటు ఫ్యాక్టరీ. మనవారు దానిని కొఠీ అనిరి. కొఠీకి ఇల్లు అద్దెకు తీసికొనవలెను, గిడ్డంగి కావలెను, దుబాసి కావలెను, బంట్రోతులు కావలెను. అధికారి దర్శనమునకు వట్టిచేతులతో పోరాదు గనుక నజరానా కావలెను. తెచ్చినది వెండి, ఈ తీరమున చెల్లునది బంగారు వరహా. కావున షరాబు నాశ్రయించి మార్చుకొనవలెను, ఆ మార్పులో కొంత పోవును. సాలెవారికి ముందుగ బయానా ఈయనిదే మగ్గము కదలదు. ఓడ ఋతుపవనము ననుసరించి వచ్చును గాని వర్తకుని అవసరము ననుసరించి రాదు. ఓడ రాకపూర్వమే గుడ్డ సిద్ధముగ నుండవలెనన్నచో ఊరిలోని షావుకార్లవద్ద వడ్డీకి తేవలెను. లండనులో వేసికొనిన అంచనాలో వీనిలో సగమైనను లేవు.

అన్నిటికన్న చిక్కైనది సుంకము. నూటికి ఇంత అని ఫ్లోరిస్ ఒప్పందము చేసికొనెను. తరువాత అధికారులు అంతకు మించి కోరిరి. దీనిని ఇంగ్లీషువారు మోసమనిరి. కాని కొంత ఆలోచింపవలసియున్నది. గోలకొండ రాజ్యమున రేవుల ఆదాయమును ఏటేట వేలమువేసి హెచ్చుపాటగానికి ఇచ్చెడివారు. పాడుకొనినవాడు ఆ మొత్తమును సర్కారునకు చెల్లింపలేకపోయినచో శిక్ష తప్పదు. ఏడాది గడువులో పాట సొమ్మును, దానిపై తన లాభమును రాబట్టుకొనవలసినవాడు ఒప్పందపు అక్షరములను పట్టుకొని కూర్చుండునా? డచ్చివారు ఈ సూక్ష్మమును ముందే గ్రహించిరి. 1612లో గోలకొండ సుల్తానువద్ద ఫర్మానా పొంది, మచిలీపట్టణమున సుంకమునకు బదులు ఏటికి 3,000 వరహాలు మొత్తముగ చెల్లించు ఏర్పాటు చేసికొనిరి. ఎంత వర్తకము చేసినను అంతియే. ఖర్చు పెద్దదే, కాని ముందుగ తెలిసిన ఖర్చు.

ఫ్లోరిస్ పద్ధతి వేరు. 1614లో తిరుగు ప్రయాణమునకు సిద్ధమగునప్పటికి అతనికి రేవు అధికారినుండి బాకీ రావలసియుండెను. ఎన్ని సారులు అడిగినను రాలేదు. నవంబరు మాసమున అతడు ఆ అధికారి కుమారుని పట్టుకొని ఓడ కెక్కించెను. అతని పేరు ఫ్లోరిస్ వ్రాతలో వెంటకద్ర అని యున్నది, వెంకటాద్రి యనుకొందము. ఆ యువకుడు బ్రాహ్మణుడు. ఓడలోని అన్నము ముట్టడు, నీరు త్రాగడు. అతని ఉపవాసమును చూచి జాలి కలిగి, ఎవరైన ఇద్దరు పెద్దమనుష్యులు బదులుగ వచ్చి ఓడలో నుండినచో విడిచెదనని ఫ్లోరిస్ తెలియజేసెనట, ఎవరును రాలేదు. తుదకు తండ్రి బాకీ తీర్చెను, కుమారుడు ఒడ్డుకు చేరెను. ఆ యాత్రకు నూటికి 218 వంతున లాభము వచ్చినదని కంపెనీ లెక్క. హిప్పను 1612లోనే పటానీలో మరణించెను. ఫ్లోరిస్ 1615లో లండను చేరి కొలది వారములలోనే కన్నుమూసెను. ఆ 218లో వీరి ప్రాణముల పద్దు లేదు. వెంకటాద్రి ఉపవాసపు పద్దు అసలే లేదు.

తరువాతి కథ త్వరగ చెప్పవచ్చును. అధికారుల ఒత్తిడి భరింపలేక 1628లో ఇంగ్లీషువారు మచిలీపట్టణమును విడిచి, అంతకు కొంత ముందు తాము చేరిన ఆర్మగానుకు, అనగా పులికాటుకు ఉత్తరముననున్న దుర్గరాజపట్టణమునకు, పోయిరి. అచ్చట గోడలు కట్టి 12 ఫిరంగులు నిలిపిరి. ఫిరంగులకు కొదువ లేదు గాని మంచి గుడ్డకు కొదువ. కొలది యేండ్లలో మరల మచిలీపట్టణమునకే వచ్చిరి. 1634లో అబ్దుల్లా కుతుబ్షా సుంకములను మినహాయించుచు ఇచ్చిన ఫర్మానాను వారు బంగారు ఫర్మానా అని మురిసిపోయిరి. దానితో కొంత ఊరట కలిగినది. అయినను సొంత గోడల మీది ఆశ వారిని విడువలేదు.

1639లో ఆర్మగాను కొఠీ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి మద్రాసుపట్టణమను చిన్న గ్రామమును చూచెను. ఆ ప్రాంతమునకు ప్రభువు దామెర్ల వెంకటప్ప నాయకుడు. చంద్రగిరి రాయల కొలువున పలుకుబడి గల తెలుగు నాయకుడు. అచ్చట మేలైన గుడ్డ ఇతర స్థలములకన్న నూటికి ఇరువది వంతున చౌక అని డే వ్రాసెను. నాయకుడిచ్చిన కౌలు చూడగ ఇంతకన్న సులభమైన షరతులు ఎవరికిని దొరకవు అనిపించును. కోటను నాయకుడే తన ఖర్చుతో కట్టించును. పూర్తియైన పిమ్మట ఇంగ్లీషువారు ఆ సొమ్మును తీర్చవలెను. రెండేండ్లు రేవు ఆదాయమంతయు వారిదే. అటుతరువాత సగము నాయకునిది. నాణెములు ముద్రించుకొను హక్కు కూడ ఇచ్చెను. చేత పైకము లేని కొఠీకి ఈ కౌలు వరప్రసాదమువలె కనబడుటలో వింత యేమున్నది? కోటకైన సొమ్ముపై వడ్డీని తానే భరించెదనని డే మాట యిచ్చెను.

1640 ఫిబ్రవరిలో మచిలీపట్టణపు ముఖ్యాధికారి ఆండ్రూ కోగన్, డే, సుమారు ఇరువదియైదుగురు సిపాయిలు ఆ ఇసుక తీరమున దిగిరి. దుబాసి బేరి తిమ్మన్నయు వారికి తోడు. కోట మాట యెత్తగనే నాయకుడు కట్టించెదనని తాననలేదనెను. కాగితమున అట్లే యున్నదిగదా అనిన ప్రయోజనము లేకపోయినది. డే తనకు కావలసిన అర్థమునే గ్రహించెనో, అనువాదమున మాట తారుమారైనదో, నాయకుడే వెనుకకు తగ్గెనో, ఇప్పుడు నిర్ణయించు ఆధారము లేదు. నాయకుని వైపునుండి చూచినచో, వచ్చి కూర్చుండినవారు ఇక ఖర్చుకు వెరచి లేచిపోరని అతడు సరిగనే లెక్క వేసెను. డే కూడ వడ్డీ మాట నిలుపుకొనలేదు. దిగిన సిపాయిలను మరల ఓడ యెక్కించి పోవుట అవమానము. ఉండుటకు గోడలు కావలెను. కోగన్ కంపెనీ సొమ్ముతోను, అప్పు తెచ్చిన సొమ్ముతోను పని ప్రారంభించెను. అదియే సెంటు జార్జి కోట.

లండనువారు ఉగ్రులైరి. తాము అనుమతి యీయని కోటకు తామెందులకు సొమ్మీయవలెను? వారికిని ఇబ్బంది లేకపోలేదు. అదే 1640లో చార్లెస్ రాజు కంపెనీవద్దనున్న మిరియముల నిల్వను అరవుకు తీసికొని అమ్ముకొనెను. వెల 63 వేల పౌనులకు పైమాట. ఆ బాకీ కొంతయే వసూలైనది. 1642లో అంతర్యుద్ధము వచ్చినది. 1644 నాటికి కోటకు సుమారు 3,000 పౌనులు ఖర్చైనవి. రాజు తీసికొనిన మిరియములలో ఇది ఇరువదవ వంతు! అయినను రాజును గట్టిగ అడుగుట కష్టము. కోగన్‌ను అడుగుట సులభము. స్వదేశము చేరిన పిమ్మట అతడు దుబారా ఖర్చు నేరమునకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చినది, తుదకు నిర్దోషియనిపించుకొనెను.

ఇంతకును ఆ గోడలలోనికి జనమును రప్పించుటకై మరియొక ఖర్చు పెట్టిరి. అది చేతినుండి పోవు సొమ్ము కాదు, రావలసిన సొమ్మును వదలుకొనుట. ముప్పదియేండ్లు పన్నులు లేవని ప్రకటించిరి. మూడు నాలుగువందల సాలె, అద్దకపు కుటుంబములు త్వరలోనే వచ్చి చేరినవి. వీరిలో తెలుగువారు పెక్కురు. కుటుంబముతో, మగ్గముతో, ఉన్న ఊరిని విడిచి ఇసుక దిబ్బలపై గుడిసె వేసికొనుట వారికిని ఖర్చే; దానిని వ్రాసిపెట్టిన గుమాస్తా లేడు. పన్ను లేదను మాటను నమ్మి వచ్చిరి.

ముప్పదియేండ్లు గడచినవి. ఊరు పెరిగినది, దానితోపాటు సిపాయిలు, ఫిరంగులు, గోడలు పెరిగినవి. ఊరి రక్షణకైన వ్యయమును ఊరివారే భరింపవలెనని లండనునుండి, ముఖ్యముగ సర్ జోషియా చైల్డు పలుకుబడి సాగిన కాలమున, ఉత్తరము వెంట ఉత్తరము వచ్చెడిది. 1686 జనవరిలో నల్లవారి పట్టణమునకు గోడ కట్టుటకై పన్ను విధింపగ కులపెద్దలు ఒప్పుకొనలేదు. అంగళ్లు మూసివేసిరి, జనము గుమిగూడిరి. లోబడనివారి యిండ్లను పడగొట్టి స్థలములను అమ్మివేసెదమని గవర్నరు గిఫర్డు కౌన్సిలు బెదరించినది. నలువది ఆరేండ్ల క్రిందట నాయకుడు కట్టింపని గోడకు, కంపెనీ ఈయనొల్లని సొమ్ముకు, ఇప్పుడు సాలెవాడు జవాబు చెప్పవలసివచ్చెను.

బెదరింపుకన్న మంచి ఉపాయము చైల్డుకు తోచినది. తమలో నుండినవారే విధించినచో జనము పన్నును సులభముగ చెల్లింతురని 1688లో మద్రాసునకు నగరసభను ఏర్పరచిరి. అందు చిన్న వెంకటాద్రి మొదలగు మన వర్తకులను కూడ సభ్యులుగ చేర్చిరి. ఈ చిన్న వెంకటాద్రి బేరి తిమ్మన్న తమ్ముడే. ఎఱ్ఱని అంగీలు, ఊరేగింపులు ఘనముగ జరిగినవి. పన్ను మాత్రము కోరినంత సులభముగ వసూలు కాలేదు.

స్థలమునకు కంపెనీ చెల్లించిన అద్దె సంగతి చెప్పి ముగించెదను. నాయకునికి ఈయవలసిన సగపాలు హక్కు గోలకొండ సర్కారునకు సంక్రమించినది. ప్రతి యేడు లెక్కలు చూపుటలో తగవులు వచ్చుచుండగ, 1658లో ఏటికి 380 వరహాలు అని కుదిరినది. 1672లో అది 1,200 వరహాలకు పెరిగి స్థిరపడినది. గోలకొండ పడిపోయి మొగలులు వచ్చినను, ఆర్కాటు నవాబులు వచ్చినను, ఊరు ఎన్ని రెట్లు పెరిగినను, అదే 1,200. వరహా ఒకటి ఇంచుమించు ఎనిమిది షిల్లింగులు గనుక ఏడాదికి ఐదువందల పౌనులైనను కాదు. 1752లో, ఇంగ్లీషు సిపాయిల సాయముతో గద్దె నిలుపుకొనుచుండిన నవాబు మహమ్మదాలీ, ఆ యుద్ధపు ఖర్చుల క్రింద కంపెనీకి తానే బాకీపడియుండి, ఆ అద్దెను కూడ మాఫీ చేసెను.