నల్లమల కొండలు

తూర్పు కనుమల్లో కృష్ణా, పెన్నా నదుల మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వతశ్రేణి నల్లమల. ఆంధ్రప్రదేశ్‌లో పూర్వపు గుంటూరు, ప్రకాశం, కర్నూలు, కడప జిల్లాల్లోనూ, తెలంగాణలో పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోనూ దీని కొండలు, అడవులు ఉన్నాయి. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలకు ఇది పడమటి సరిహద్దు. మాచర్ల, దుర్గి, యర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం, కంభం, గిద్దలూరు దీని పాదాల వెంటే వెలిశాయి. ఈ ఊళ్ల తాగునీరు, సాగునీరు, పశువుల మేత, రాళ్లపని అన్నీ ఈ కొండలతో ముడిపడినవే.

నైసర్గిక స్వరూపం

భూగర్భ శాస్త్రం ప్రకారం నల్లమల కడప శిలాసముదాయానికి చెందుతుంది. నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వం ఇక్కడున్న సముద్రపు అడుగున ఇసుక, ఒండ్రు పొరలుగా పేరుకున్నాయి. కాలక్రమంలో ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్‌గానూ, ఒండ్రు షేల్‌గా, పలకరాయిగానూ మారాయి. తరువాతి భూచలనాల ఒత్తిడికి ఈ పొరలు మడతలు పడ్డాయి. గట్టి క్వార్ట్‌జైట్ కోతకు లొంగక కొండవరుసలుగా నిలిచింది. మెత్తని షేల్ అరిగిపోయిన చోట లోయలు ఏర్పడ్డాయి. కంభం, గిద్దలూరు అలాంటి లోయలోనివే. వాయవ్యాన శ్రీశైలం వైపు మాత్రం పొరలు అంతగా మడత పడలేదు. అందుకే అక్కడ విశాలమైన పీఠభూమి, దాన్ని నిలువునా కోసుకుంటూ పారే కృష్ణ కనిపిస్తాయి. కొండల ఎత్తు చాలాచోట్ల 500 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కంభానికి వాయవ్యంగా ఉన్న బైరేనికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం 900 మీటర్లు దాటిన శిఖరాలు.

ఈ రాతిపొరలే మార్కాపురానికి పలకల ఊరుగా పేరు తెచ్చాయి. గనిలోంచి తీసిన బండ అంచుకు ఉలి ఆనించి సుత్తితో మెల్లగా కొడితే, రాయి పొర వెంట చీలి పలుచని రేకులుగా విడివడుతుంది. వాటిని కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక తయారవుతుంది. కొన్ని తరాల తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుకున్నది ఈ రాతి మీదే. నోటుపుస్తకాల వాడకం పెరిగాక పలకల గిరాకీ తగ్గింది.

నీరు

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, ప్రకాశం మైదానం మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. సగిలేరు దక్షిణంగా పారి పెన్నలో చేరుతుంది. పల్నాడు వైపు చంద్రవంక ఎత్తిపోతల వద్ద జలపాతమై దూకి కృష్ణలో కలుస్తుంది.

రెండు కొండల మధ్య ఇరుకులో గుండ్లకమ్మకు అడ్డంగా మట్టికట్ట వేసి నిర్మించినది కంభం చెరువు. విజయనగర కాలం నాటి ఈ నిర్మాణాన్ని గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి అయిన వరదరాజమ్మ చేయించిందని చెబుతారు. ఐదు శతాబ్దాల నాటి ఆ కట్ట కింద నేటికీ పొలాలు సాగవుతున్నాయి. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

అడవి, జీవులు

నల్లమలది ప్రధానంగా ఆకురాల్చే అడవి. నల్లమద్ది, వేగిస, తునికి, ఇప్ప, టేకు, వెదురు విస్తారంగా ఉంటాయి. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ అభయారణ్యంగా వేరుపడింది. మెరిసే నీలిరంగు సాలీడు ఒకటి ఇక్కడి ప్రత్యేక జీవి. గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో జంతుశాస్త్రవేత్త పోకాక్ దాన్ని వర్ణించాడు. దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి అని వందేళ్ల తరువాత గాని తేలలేదు. అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో అది ఉంది.

చెంచులు

ఈ అడవికి మొదటి నుంచీ కాపులు చెంచులు. వారి నివాసాలను పెంటలు, గూడేలు అంటారు. దుంపలు, పండ్లు, జిగురు, తేనె సేకరణ వారి జీవనాధారం. తేనె కోసం కొండచరియ అంచు నుంచి తాడు పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునే బాధ్యతను బావమరిదికి అప్పగించడం ఆనవాయితీ. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వీరిపై రాసిన గ్రంథం 1943లో వెలువడింది. ప్రభుత్వం వీరిని అత్యంత వెనుకబడిన గిరిజన తెగల్లో చేర్చింది.

చరిత్ర

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు కృష్ణ ఒడ్డున, కొండల నడిమి లోయలో విజయపురిని రాజధానిగా చేసుకున్నారు. అదే నాగార్జునకొండ. మధ్యయుగంలో శ్రీశైల యాత్ర నల్లమలలో దారులు పరిచింది. పూర్వపు ప్రకాశం జిల్లాలోని త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. అద్దంకి రాజధానిగా రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. అదే వంశానికి చెందిన అనవేమారెడ్డి 1377లో అక్కడ వీరశిరోమండపం నిర్మించాడు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో అడవి ప్రభుత్వ అధీనంలోకి వెళ్లింది. పశువులను మేపుకోవాలంటే పుల్లరి కట్టాల్సి వచ్చింది. 1921లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లించకుండానే పశువులను అడవికి తోలారు, అధికారులను సాంఘికంగా వెలివేశారు. ఉద్యమానికి మద్దతుగా వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణను అరెస్టు చేశారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో అమరుడయ్యాడు. కొండ పాదాన బతికే రైతుకు అడవి మీద హక్కు ఉందని తన ప్రాణంతో చాటాడు.

ఆధునిక కాలం

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశం మెట్టపొలాల సాగును మార్చివేసింది. విజయపురి ఉన్న లోయ మునిగిపోగా, 1954–60 తవ్వకాల్లో దొరికిన శిల్పాలను జలాశయం మధ్య ద్వీపంగా మిగిలిన కొండ మీద భద్రపరిచారు.

సాగర్ నీరు అందని పశ్చిమ ప్రకాశంలో కరవు, భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ తీరని కష్టాలుగా మిగిలాయి. వాటికి పరిష్కారంగా 1996లో పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి వరదనీటిని కొండ కింద జంట సొరంగాల ద్వారా తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లు పూడ్చి ఏర్పరచిన నల్లమల సాగర్‌లో నిలపడం దీని ఉద్దేశం. సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు.

2019లో అమ్రాబాద్ వైపు యురేనియం అన్వేషణను చెంచులు, ప్రజాసంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆ ఆందోళనలో న్యాయం ఉంది. కంభం చెరువులోకైనా, చంద్రవంకలోకైనా నీరు రావాలంటే పైన అడవి నిలవాలి. దిగువన కాలువలు, సొరంగాలపై పెట్టే శ్రద్ధ ఎగువన అడవిపైనా, దాన్నే నమ్ముకున్న చెంచుల హక్కులపైనా పెట్టినప్పుడే ఈ మైదానాల సాగుకు భరోసా.