పన్ను ఊడితే పెద్ద కేసు

దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ, చలి గట్టిగ పట్టింది. నిన్న మనూరోళ్ళిద్దరు కొట్టుకొని ఠాణకు పోయిన్రని మీరు గుసగుసలు పెడుతుంటె విన్న. అదేమన్న కొత్త ముచ్చటనా? మున్సిఫ్ కోర్టుల వకీలు సాబ్ కాడ నేను గుమస్తాగ చేసినన్నాళ్ళు పొద్దుగాల లేస్తె గివే కేసులు. ఖూనీలు సెషన్స్ కోర్టుకు పోతుండె. మాకు మిగిలేటివి తలకాయలు పగిలినవి, చేతులు విరిగినవి, జుట్లు జుట్లు పట్టుకున్నవి.

గెట్టు, నీళ్ళ వంతు, పక్కోని చేన్ల బడ్డ బర్రె. సగం కొట్లాటలు వీటి మీదనే. పాలోళ్ళ నడుమ అయితె ఇంక చెప్పనే వద్దు. 1984ల రామారావు సర్కారు పటేలు పట్వారీల కొలువులు తీసేసేదాక జనం ముందుగాల పోలీసు పటేలు కాడికే పోతుండె. ఆయన ఇద్దర్ని కూసోబెట్టి తిట్టి, ఎవడో ఒకనికి తప్పు వేసి పంపుతుండె. అక్కడ తెగనిదే ఠాణ మెట్లెక్కేది.

ఠాణల దరఖాస్తు తీసుకున్నంక దెబ్బలు తిన్నోనికి ఒక చిట్టీ ఇచ్చి సర్కారు దవాఖానకు తోలుతరు. అక్కడ డాక్టరు రాసే గాయాల సర్టిఫికేటు ఉంది చూడు, కేసు పానమంత అండ్లనే. పాత పీనల్ కోడు ఉన్నన్నాళ్ళు 'సింపుల్' అని రాస్తె దాని 323 దఫా. ఏడాది దాక జైలు, లేకుంటె వెయ్యి రూపాయల దాక జుర్మానా, లేదంటె రెండూ. మేజిస్ట్రేటు పర్మిషన్ లేంది పోలీసోళ్ళు దాని మీద దర్యాప్తు గూడ చెయ్యరాదు. అదే 'గ్రీవియస్' అని రాస్తె 325 అయితుండె, ఏడేండ్ల దాక పోతుండె. ఏది పెద్ద దెబ్బనో డాక్టరు తన ఇష్టమొచ్చినట్టు అనడు, చట్టంలనే ఉంది. కన్ను పోవుడు, చెవుడు వచ్చుడు, ఎముక విరుగుడు, పన్ను ఊడుడు, అప్పటి లెక్కల 20 దినాలు పని చేసుకోలేక మంచాన పడుడు, ఇట్లాంటివి.

పన్ను ముచ్చటనే మస్తు తమాషా. కిందబడేసి గుద్దితె ఒళ్ళంత వాసి జరమొచ్చినోని కేసు చిన్నది. ముంగట పన్నొకటి రాలినోని కేసు పెద్దది. ఒకాయన ఊడిన పన్నును రుమాల్ల మూటగట్టుకొని కోర్టుకే తెచ్చిండు. మా సారు లేచి, "డాక్టరు గారూ, ఇది దెబ్బకు ఊడిందా, పుచ్చి ఊడిందా?" అని అడిగిండు. డాక్టరు సర్టిఫికేటు దిక్కు చూసుకొని, మిగిలిన పండ్లు గూడ కదులుతున్నయని తను రాసిందే చదివిండు. పన్ను తెచ్చిన ముసలాయన నోరు మూసుకున్నడు, ఆఖరు దాక తెరువలే. 325 పోయి 323 మిగిలింది.

1860ల తెల్లదొరలు 323ల ఆ వెయ్యి రూపాయల జుర్మానా రాసిన్రు. అప్పుడు అది పెద్ద సొమ్ము. నా కొలువు ముగిసేదాక గూడ అదే వెయ్యి! 2024 జులైల కొత్త న్యాయ సంహిత వచ్చినంకనే 10,000 అయింది, నంబరు గూడ 115కు మారింది.

ఇంక దరఖాస్తులల్ల 'గొడ్డలి తిరగేసి కొట్టిండు' అన్న మాట లేని కాయితం నేను తక్కువ చూసిన. ఆయుధమంటె అప్పుడు 324, మూడేండ్ల దాక. దెబ్బ తిన్నోడు ఠాణకు చేరేలోపల కొట్టినోడు గూడ చెయ్యికి గుడ్డ చుట్టుకొని వస్తుండె. ఒక్క కొట్లాటకు రెండు కేసులు. ఇండ్ల ఫిర్యాది అండ్ల ముద్దాయి. రెండింటిని ఒక్క మేజిస్ట్రేటే వెనుక వెనుక విని తీర్పు చెప్పాలె, లేకుంటె ఒకే దెబ్బకు రెండు కథలైతయి.

అసలు పని కోర్టు బయట చింతచెట్టు కింద అయితుండె. మేము గుమస్తాలం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతుంటిమి. దవాఖాన ఖర్చు ఎంత, పోయిన కూలి ఎంత, గెట్టు రాయి మళ్ళ ఎక్కడ పాతాలె? ఒప్పందమైనంక రాజీ కాయితం రాస్తుంటిమి. దాని మీద దెబ్బ తిన్నోడే దస్కతు పెట్టాలె. సర్పంచి పెడితె చెల్లదు, అన్న పెడితె చెల్లదు. 323కు కోర్టు పర్మిషన్ అక్కర లేకుండె. 324కు, 325కు కావాల్సి ఉండె. జడ్జి సాబ్ కాయితం పక్కకు పెట్టి, "నీ ఇష్టంతోనేనా, ఎవరన్న బెదిరించిన్రా?" అని అడుగుతుండె. రాజీ ఒప్పుకుంటె ముద్దాయి నిర్దోషి లెక్క. ఇద్దరు కలిసి అటు నుంచి అటే కల్లు కాంపౌండుకు పోతుండె. అండ్ల మా గుమస్తాల వాటా గూడ ఉంటుండె, దాచుడెందుకు.

2009 ఆఖర్ల 324ను రాజీ పట్టీల నుంచి తీసేసిన్రు. మరి జనం రాజీ పడకుంట ఉంటరా? చెట్టు కింద అన్నీ అయిపోయి, లోపలికి పోయినంక సాక్షులంత "చీకట్ల కనబడలే సారూ" అంటరు. కేసు కొట్టేస్తరు. జడ్జికి ఎరుకనే, సర్కారు వకీలుకు ఎరుకనే. ఒట్టు పెట్టించి అబద్ధమాడిపిచ్చుడు నాకైతె నచ్చలే. ముందటి పద్ధతే నయముండె.

అట్లని రాజీలన్నీ మంచివని గాదు. ఒక దొర తన జీతగాన్ని బండి కట్టెతోని కొట్టిండు. దళితవాడ మనిషి. ముంజెయ్యి తోలు లేచిపోయింది. మేము దొర దిక్కు. కాయితం నేనే రాసిన, ఏలిముద్ర పడ్డది. జడ్జి సాబ్ అందర్ని వరండలకు పంపి, జీతగాన్ని ఒక్కన్నే చాంబర్లకు పిలిచి, ఇండ్ల ఏమున్నదో చెప్పుమన్నడట. "ఎరుక లేదు దొరా, పెట్టుమన్నరు, పెట్టిన" అన్నడట. జడ్జి సాబ్ ఆ కాయితం కొట్టేసిండు, విచారణ నడిపిండు. దొరకు శిక్ష వేసి, జుర్మానాల కొంత ఆ మనిషికి ఇయ్యాలని రాసిండు. ఇదంత 1989 అట్రాసిటీ చట్టం రాక ముందటి మాట. ఇప్పుడు ఆ చట్టం కింద కేసైతె కింది కోర్టుల రాజీ మాటే లేదు.

మేము అప్పీలుకు పోయినం. జైలు తగ్గింది గని పైసల మాట అట్లనే నిలిచింది. ఆ పైసలు తీసుకునేటందుకు జీతగాడు కోర్టు నాజరు కాడికి వచ్చినప్పుడు నేను ఆడనే ఉన్న. రశీదు మీద ఏలు పెట్టుమంటె, ముందుగాల అండ్ల ఏం రాసిన్రో చదివి వినిపియ్యుమన్నడు.