రోగం ఉందని రాస్తే చాలదు, ఇంటి సంగతి రాయాలి: బ్రిటన్ కౌన్సిల్ ఇళ్ల చరిత్ర



మన దగ్గర ఇంటి లిస్టులో పేరు ఎక్కాలంటే రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, జాగా కాగితం అడుగుతారు. ఇంట్లో వికలాంగులు ఉన్నారా అని కూడా చూస్తారు. కానీ ఇంట్లో ఎవరికి ఏ రోగం ఉంది, ఆ రోగం ఈ ఇంటి వల్ల ముదురుతోందా అని అడిగే గడి నేను చూసిన ఫారాల్లో లేదు. బ్రిటన్‌లో ఆ గడి ఉంది. అది రావడానికి ఎన్నేళ్లు పట్టిందో చదివినాక మన గ్రూపులో రాయాలనిపించింది. పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. కౌన్సిల్ అంటే అక్కడ మన మున్సిపాలిటీ లాంటిది. అది ఇళ్లు కట్టి తక్కువ అద్దెకి ఇస్తది. మన ఇందిరమ్మ ఇల్లులా సొంతానికి కాదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

19వ శతాబ్దంలో అక్కడి దొరలు పేదోళ్ల ఇళ్ల గురించి ఆలోచించింది జాలితో కంటే భయంతోనే ఎక్కువ. కలరా పేదల వాడలో పుట్టినా పెద్దోళ్ల వీధికి రాదని గ్యారంటీ లేదు గదా. 1890 చట్టం మురికివాడల్ని కూలగొట్టి ఇళ్లు కట్టే అధికారాన్ని గట్టిగా ఇచ్చింది. లండన్‌లో ఓల్డ్ నికోల్ అనే వాడ ఉండేది, చావులు ఎక్కువని పేరుపడ్డది. దాన్ని మొత్తం పడగొట్టి బౌండరీ ఎస్టేట్ కట్టారు, 1900లో యువరాజు వచ్చి ప్రారంభించాడు. ఖాళీ చేయించింది 5,700 మందికి పైగా. కొత్త ఇళ్లలోకి రాగలిగిన పాతవాళ్లు 11 మంది! అద్దె కట్టే తాహతున్న, స్థిరమైన జీతం ఉన్నోళ్లకే ఆ ఇళ్లు దక్కాయి. మిగతావాళ్లు పక్క వాడల్లో ఇంకా ఇరుగ్గా సర్దుకున్నారు. ముంపు గ్రామాల నుంచి వచ్చిన మన పిల్లలకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

1919లో కౌన్సిల్ ఇళ్లకి ప్రభుత్వ సొమ్ము పెద్ద ఎత్తున ఇచ్చిన చట్టం తెచ్చిన మంత్రి క్రిస్టఫర్ అడిసన్, ఆయన డాక్టరు. 1951 దాకా ఇళ్ల శాఖ ఆరోగ్య మంత్రి చేతిలోనే ఉండేది. 1948లో ఉచిత వైద్యం మొదలుపెట్టిన అన్యూరిన్ బెవానే ఇళ్లు కూడా కట్టించాడు.

నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది స్టాక్‌టన్ అనే ఊరి కథ. అక్కడ ఆరోగ్య అధికారి జార్జ్ మెక్‌గొనిగిల్. 1927లో ఒక మురికివాడ జనాన్ని మౌంట్ ప్లెజెంట్ అనే కొత్త కాలనీకి మార్చారు. మంచి గాలి, మంచి నీళ్లు, కొత్త గోడలు. ఆరోగ్యం బాగుపడాలి గదా? ఆయన ఐదేళ్ల చావుల లెక్క తీశాడు. ముందు వెయ్యికి సుమారు 23 ఉన్నది 33 దాటింది. పాత వాడలోనే ఉండిపోయినోళ్లలో అట్లా పెరగలేదు. ఆయన ఇంటింటి ఖర్చు రాయించాడు. కొత్త ఇంటి అద్దె పాతదానికి దాదాపు రెట్టింపు. చాలామందికి పని లేదు. అద్దె పోగా తిండికి మిగిలింది తక్కువ. ఇల్లు బాగైంది, కంచం ఖాళీ అయ్యింది. 1936లో ఆయన ఇదంతా పుస్తకంగా వేశాడు. ఇల్లు ఇస్తే రోగం పోతదని చెప్పేవాళ్లకి ఈ లెక్క చూపించాలని నా అభిప్రాయం.

ఇప్పుడు గడి సంగతి. 1935 చట్టం ఇళ్లు ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పింది: ఆరోగ్యానికి చెడ్డవైన ఇళ్లలో ఉన్నోళ్లు, ఇరుకులో ఉన్నోళ్లు, పెద్ద కుటుంబాలు, ఇంటి పరిస్థితి బాగాలేనోళ్లు. అంటే ఇంటి జబ్బు రాశారు గానీ మనిషి జబ్బు రాయలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కౌన్సిళ్లు తమంతట తామే పాయింట్లు పెట్టుకున్నాయి. టీబీ ఉన్న కుటుంబాలకి చాలాచోట్ల ముందు వరుస దొరికింది, ఎందుకంటే ఒకే గదిలో పడుకుంటే పిల్లలకి అంటుకుంటది.

పాయింట్లు ఉన్నాయని న్యాయం జరిగిందనుకోకండి. బర్మింగ్‌హామ్‌లో ఐదేళ్లు ఆ ఊళ్లో ఉంటేనే లిస్టులోకి తీసుకునే నియమం ఉండేది. కరీబియన్ నుంచి, మన ఉపఖండం నుంచి పనికి పోయినోళ్లు దాంతో బయటే ఉండిపోయారు. ఇంకొకటి, కౌన్సిల్ మనిషి ఇంటికొచ్చి శుభ్రంగా ఉందా లేదా చూసి మార్కులు వేసేది. మంచి మార్కులొస్తే మంచి ఇల్లు, లేదంటే పాత ఇల్లు. 1969లో కల్లింగ్‌వర్త్ కమిటీ దీన్ని తప్పుబట్టింది, అవసరాన్ని చూడాలి గానీ నడవడికని కాదని. మన గూడేలకి సర్వేకి వచ్చేటోళ్లు ముక్కు మూసుకుని వాకిట్లోనే నిలబడి రాసుకుపోవడం చూసినోళ్లకి ఇది కొత్త కాదు.

వైద్య కారణం అనే మాట ప్రాధాన్యాల జాబితాలోకి చట్టంగా ఎక్కింది 1996లో. 1935 నుంచి లెక్కేస్తే 61 ఏళ్లు. 2002లో ఆ వాక్యాన్ని మళ్లీ మార్చి, వైద్య కారణంతో "ఇల్లు మారాల్సిన అవసరం" ఉన్నోళ్లు అన్నారు. అసలు కీలకం ఈ మాటలోనే ఉంది. జబ్బు ఎంత పెద్దది అని కాదు ప్రశ్న. ఈ ఇల్లు ఆ జబ్బుని ఎట్లా ముదరబెడుతోంది, ఎట్లాంటి ఇల్లయితే తగ్గుతది అనేది ప్రశ్న. మోకాళ్లు అరిగినాయన రెండో అంతస్తులో, లిఫ్టు లేని చోట ఉంటే ఆయన బలమైన కేసు. అంతకంటే పెద్ద జబ్బున్నా, ఇల్లు మారితే తేడా రాదంటే పాయింట్లు రావు. చాలాచోట్ల కౌన్సిల్ వైద్య సలహాదారు మనిషిని చూడడు, కాగితం చూస్తాడు. డాక్టరు "ఈయనకి ఆస్తమా ఉంది" అని మాత్రమే రాస్తే ఆ కాగితం బలహీనం. "పడక గది గోడ మీద బూజు ఉంది, దాంతో రాత్రిళ్లు ఆయాసం వస్తోంది" అని రాస్తే బలం. అప్పటికీ ఇల్లు వెంటనే రాదు. 1980 నుంచి అద్దెకున్నోళ్లకే కౌన్సిల్ ఇళ్లు అమ్మేశారు, ఇప్పుడు ఒక్క ఇంగ్లండ్‌లోనే 12 లక్షలకు పైగా కుటుంబాలు వరుసలో ఉన్నాయి.

ఆ బూజు వల్లే 2020 డిసెంబర్‌లో రోచ్‌డేల్‌లో రెండేళ్ల బాబు చనిపోయాడు. వాళ్ల నాన్న 2017 నుంచీ ఫిర్యాదు చేస్తుంటే రంగు వేసుకొమ్మన్నారు. ఆ బాబు పేరు మీదే అవాబ్ చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ నుంచి సామాజిక అద్దె ఇళ్లలో అత్యవసర ప్రమాదాన్ని 24 గంటల్లో సరిచేయాలి, తీవ్రమైన చెమ్మ, బూజు అంటే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి.

సికిల్ సెల్ గురించి చెప్పి ఆపేస్తా. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి ఆదివాసుల్లోనే. చలి తగిలితే నొప్పులు తిరగబెడతాయని ఆ జబ్బున్న ఇంట్లో అందరికీ తెలుసు. బ్రిటన్‌లో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ఆఫ్రికన్, కరీబియన్ కుటుంబాలు చలి ఇల్లు మార్చమని అడగడానికి అదే గడి వాడుకోవచ్చు. మన దగ్గర 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు మీద ఎస్‌ఎస్ అనో ఏఎస్ అనో ఉంటది. ఆ పిల్ల పడుకునేది రేకుల కిందా, తడిక గోడ పక్కనా అనేది ఆ కార్డు మీద ఉండదు, ఇంటి దరఖాస్తులోనూ ఉండదు. పీహెచ్‌సీ డాక్టర్ని ఆ ఒక్క వాక్యం కూడా రాసిమ్మని అడిగి, దరఖాస్తుకి జత చేయండి.