మైక్రోఫోను ముందు లలితగీతం: రావు బాలసరస్వతీదేవి గాన జీవితం

తెలుగువారి సంగీత చరిత్రలో కచేరీ సంప్రదాయానికి శాస్త్రగ్రంథాలు ఉన్నాయి, సినిమా పాటకు సంకలనాలూ జాబితాలూ ఉన్నాయి. ఈ రెండింటి నడుమ పుట్టి, ఇంటింటి గ్రామఫోనులోనూ రేడియోలోనూ పెరిగిన లలితగీతానికి మాత్రం దక్కవలసిన స్థానం ఇప్పటికీ దక్కలేదు. లలిత సంగీతమంటే రాగాన్ని ఆధారంగా చేసుకున్నప్పటికీ నెరవు, స్వరకల్పన వంటి మనోధర్మ విస్తరణల జోలికి పోకుండా, సాహిత్యంలోని భావం శ్రోతకు సూటిగా అందడమే లక్ష్యంగా, కొద్దిపాటి వాద్య సహకారంతో పాడే చిన్న గేయం. బెంగాలీలు తమ భాషలో ఇటువంటి పాటను ‘ఆధునిక గాన్’ అన్నారు. అటు అమెరికాలో బింగ్ క్రాస్బీ వంటి గాయకులు మైక్రోఫోనుకు దగ్గరగా నిలబడి, గొంతు పెంచకుండా పాడే పద్ధతిని జనరంజకం చేశారు. తెలుగులో ఆ మార్గానికి తొలి ప్రతినిధిగా చెప్పదగిన గాయని రావు బాలసరస్వతీదేవి (1928–2025).

వెంకటగిరిలో జన్మించిన బాలసరస్వతి ఆలత్తూరు సుబ్బయ్య వద్ద కర్ణాటక సంగీతం అభ్యసించి, ఆరేళ్ల వయసులోనే హెచ్.ఎం.వి. సంస్థకు గ్రామఫోను రికార్డు ఇచ్చారు. ఆమె బాల్యానికీ గ్రామఫోను పరిశ్రమలో వచ్చిన ఒక సాంకేతిక మార్పుకూ ఉన్న సంబంధాన్ని గుర్తించకపోతే ఆమె గాన విశిష్టత బోధపడదు. 1925కు ముందు గాయకులు ఒక పెద్ద లోహపు గొట్టంలోకి బలంగా పాడితే ఆ ధ్వని ఒత్తిడికే సూది కదిలి మైనపు పలకపై గాడి గీసేది కనుక, ఖంగుమనే గొంతు ఉన్నవారికే, అంటే నాటక రంగస్థలం మీద చివరి వరుస దాకా వినిపించేలా పద్యం ఎత్తుకోగలవారికే, రికార్డులలో ప్రాధాన్యం ఉండేది. విద్యుత్ మైక్రోఫోను వచ్చాక సన్నని పలుకు, ఊపిరి విరుపు, పదం చివర సడలింపు కూడా రికార్డులోకి ఎక్కసాగాయి. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టడం వల్ల పల్లవి, రెండు మూడు చరణాలతో ముగిసే గేయరూపం స్థిరపడింది. భావకవిత్వం అప్పటికే పాడుకోవడానికి వీలైన పొట్టి గేయాలను విరివిగా అందిస్తున్నది. కవి, యంత్రం, గొంతు ఈ విధంగా ఒకే కాలంలో కలిసిరావడం తెలుగు పాటకు లభించిన గొప్ప అదృష్టం.

1936లో సి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ‘సతీ అనసూయ’తో బాలనటిగా తెరకు పరిచయమైన ఆమె, 1940లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘ఇల్లాలు’లో స్వరకర్త సాలూరి రాజేశ్వరరావుతో కలిసి నటించి పాడారు. వీరిద్దరి సాహచర్యం తెరకే పరిమితం కాలేదు. సినిమాతో నిమిత్తం లేకుండా వారు రికార్డులకు పాడిన యుగళగీతాలలో రాజేశ్వరరావు బాణీ శాస్త్రీయ రాగపు బరువును విడిచి, దాని పరిమళాన్ని మాత్రం నిలుపుకున్నది. బాలసరస్వతి గమకాన్ని తగ్గించి, అక్షరాన్ని నలగనీయకుండా, వేదనను కూడా మెత్తగా పలికించారు. గమకం తగ్గడం విద్వత్తు తగ్గడమేనని కొందరు సంప్రదాయవాదులు తలచేవారు, కానీ ఏది వదలాలో తెలియడానికి ఎంతో విద్వత్తు కావాలి.

1943లో చిత్తూరు నాగయ్య నిర్మాతగా, పి. పుల్లయ్య దర్శకుడిగా వచ్చిన ‘భాగ్యలక్ష్మి’లో, భీమవరపు నరసింహారావు సంగీతంలో, నటి కమలా కోట్నిస్ కోసం ఆమె పాడిన పాటను తెలుగులో తొలి నేపథ్యగానంగా పరిగణిస్తారు. నేపథ్యగానమంటే తెరపై ఒకరు పెదవులు కదుపుతుండగా మరొకరి గొంతు వినిపించే పద్ధతి. అది రాకముందు నటులే పాడవలసి వచ్చేది. మరుసటి సంవత్సరం తూర్పుగోదావరి ప్రాంతపు కోలంక సంస్థానాధీశుడితో ఆమెకు వివాహం జరిగింది. ఆ తరువాత కూడా ‘షావుకారు’ (1950), ‘దేవదాసు’ (1953) వంటి చిత్రాలలో ఆమె గానం వినిపించింది.

అయితే ఆమె అసలు వేదిక రేడియో. 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాక తెలుగు లలితగీతానికి సినిమా నిర్మాతల ఇష్టాయిష్టాలతో పనిలేని ఆశ్రయం దొరికింది. ఆ ఆశ్రయం బలపడడానికి ఢిల్లీలో జరిగిన ఒక నిర్ణయం కూడా కారణమైంది. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ సినిమా పాటల అభిరుచిని నిరసించి ఆకాశవాణిలో వాటి ప్రసారాన్ని కుదించగా, ఆ ఖాళీని పూరించడానికి కేంద్రాలలో లలిత సంగీత విభాగాలు ఏర్పడి, కవుల చేత గేయాలు రాయించి, సంగీతకారుల చేత బాణీలు కట్టించే పనికి పూనుకున్నాయి. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లడంతో 1957 అక్టోబరులో వివిధ భారతిని ప్రారంభించి సినిమా పాటకు మళ్లీ చోటివ్వవలసి వచ్చింది. కట్టడిగా ఆ విధానం విఫలమైందనడం న్యాయమే, కానీ బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటి లలితగీత స్వరకర్తల కృషికి ఆ సంవత్సరాలు ఇచ్చిన ఊతాన్ని విస్మరించడం అన్యాయం.

ఈలోగా సినిమాలో పి. లీల, జిక్కి, పి. సుశీల గొంతులు స్థిరపడ్డాయి. వాద్యబృందాలు పెద్దవై, వాటిని దాటుకొని వినిపించే స్పష్టమైన, దృఢమైన స్వరం అవసరమైంది. 1950ల చివరికి బాలసరస్వతీదేవి చిత్రగానం విరళమైంది. ఆమె 2025 అక్టోబరు 15న హైదరాబాదులో కన్నుమూశారు. సినిమా పాటల లెక్కతో ఆమె కృషిని కొలిచేవారికి ఆ జాబితా చిన్నదిగానే కనిపిస్తుంది. తొలినాళ్ల రేడియో గానం చాలావరకు ప్రత్యక్ష ప్రసారమే, అంటే గాయని స్టూడియోలో పాడుతుండగానే శ్రోతకు చేరి, ఏ రికార్డులోనూ మిగలని పాట. ఆ పాటలు ఏ జాబితాలోనూ లేవు.