కస్తూరి పసుపు: జాతి గుర్తింపు చరిత్ర

కస్తూరి పసుపు అల్లం కుటుంబానికి చెందిన దుంప మొక్క. దీని శాస్త్రీయ నామం కుర్కుమా అరోమాటికా. వంట పసుపు, కచ్చూరం, మామిడి అల్లం, నల్ల పసుపు, పాలగుండ తీసే దుంప మొక్క దీనికి దగ్గరి బంధువులు. ఆకు చూసి వీటిని వేరు చేయడం కష్టం, ఎండిన దుంప చూసి చేయడం మరీ కష్టం. అందుకే కస్తూరి పసుపు ఏదన్న ప్రశ్న వృక్షశాస్త్రజ్ఞులను రెండు శతాబ్దాలకు పైగా వేధించింది. పచారీ కొట్లలో అది ఇంకా తేలలేదు.

పచ్చి మొక్క దగ్గరుంటే ఆనవాళ్లు దొరుకుతాయి. వంట పసుపు ఆకు రెండు వైపులా నున్నగా ఉంటుంది. కస్తూరి పసుపు ఆకును తిరగేసి వేలితో రాస్తే మెత్తని నూగు తగులుతుంది. వంట పసుపు కంకి వానాకాలంలో ఆకుల నడుమ నుంచి వస్తుంది. కస్తూరి పసుపు కంకి తొలకరికి ముందే, ఆకులు విచ్చుకోకమునుపో వాటితోపాటో, మొక్క పక్కన నేలలోంచి విడిగా లేస్తుంది. దాని కొనన ఉండే పుచ్ఛాలు (పువ్వులకు అడుగున ఉండే ఆకుల్లాంటి భాగాలు) గులాబీ రంగులో ఉంటాయి. దుంప కోస్తే లోపల లేత పసుపు రంగు, కర్పూరాన్ని తలపించే వాసన. వంట పసుపు దుంపలోని ముదురు నారింజ రంగు ఇందులో ఉండదు. కచ్చూరం ఆకుకు నడి ఈనె వెంట ఊదా రంగు పట్టీ ఉంటుంది. నల్ల పసుపు దుంప లోపల నీలి రంగు తేలుతుంది. మామిడి అల్లానికి పచ్చిమామిడి వాసనే గుర్తు.

ఆయుర్వేద నిఘంటువులు హరిద్రను (పసుపు), వనహరిద్రను (అడవి పసుపు), కర్చూరాన్ని (కచ్చూరం) వేర్వేరుగానే పేర్కొన్నాయి. డచ్చి అధికారి వాన్ రీడ్ రూపొందించిన హోర్టస్ మలబారికస్ పదకొండో సంపుటంలో (1692) కేరళ పసుపు జాతుల బొమ్మలున్నాయి. లినేయస్ 1753లో కుర్కుమా ప్రజాతి కింద రెండే జాతులు చూపాడు. వాటిలో ఒకటి తరువాత వేరే ప్రజాతికి వెళ్లిపోయింది.

ఈ చరిత్రలో ముఖ్య ఘట్టం తెలుగు తీరంలో మొదలైంది. లినేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ తమిళ తీరంలోని తరంగంబాడి డేనిష్ మిషన్‌లో వైద్యుడు. ఆయన అల్లం కుటుంబపు మొక్కలపై రాసిన వర్ణనలు 1783లో అచ్చయ్యాయి. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఆయన చేసిన ప్రకృతి శాస్త్రజ్ఞుడి ఉద్యోగం పాముల పుస్తకంతో పేరుపొందిన ప్యాట్రిక్ రస్సెల్‌కు, ఆ తరువాత విలియం రాక్స్‌బర్గ్‌కు దక్కింది. రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి అక్కడి తోటలో మొక్కలు పెంచాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. కోరమండల్ తీరపు మొక్కలపై మూడు సంపుటాల్లో 300 చిత్రపటాలతో వచ్చిన ఆయన గ్రంథం (1795–1820) ఆ శ్రమ ఫలితమే. కుర్కుమా మోంటానా అనే అడవి పసుపు అందులో కనిపిస్తుంది.

1793లో కలకత్తా తోటకు వెళ్లాక కూడా ఆయన దుంపలు తెప్పించి నాటించాడు. వాటి పూత చూసి రాసిన వర్ణనలు 1810లో ఏషియాటిక్ రిసెర్చెస్ పదకొండో సంపుటంలో వచ్చాయి. నల్ల పసుపు, మామిడి అల్లం, పాలగుండ మొక్క సహా పదికి పైగా పసుపు జాతులకు ఆయన చేసిన వర్ణన అందులో ఉంది. కంకి ఆకుల మధ్య నుంచి వస్తుందా, పక్క నుంచి వస్తుందా అన్న దాన్ని బట్టి జాతులను రెండు గుంపులు చేసిన ఆ పద్ధతి సరళమైనది, ప్రశంసనీయమైనది. ఇప్పటికీ పొలంలో మొదట చూసేది దాన్నే.

కస్తూరి పసుపు విషయంలో మాత్రం చిక్కు అక్కడే పడింది. లండన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు సాలిస్‌బరీ 1807లోనే దానికి కుర్కుమా అరోమాటికా అని పేరు పెట్టాడు. అదే ఏడు విలియం రాస్కో కచ్చూరాన్ని కుర్కుమా జెడోయేరియా చేశాడు. రాక్స్‌బర్గ్ ఈ జెడోయేరియా పేరును కస్తూరి పసుపుకు వాడి, కచ్చూరాన్ని జెరుంబెట్ అన్నాడు. ఒక పేరు రెండు మొక్కలకు అంటుకుంది. రాక్స్‌బర్గ్‌ను అనుసరించినవారు ఒక దుంప గురించి, రాస్కోను అనుసరించినవారు మరో దుంప గురించి రాస్తూ పోయారు.

వృక్షశాస్త్రజ్ఞుడు బేకర్ బ్రిటిష్ ఇండియా వృక్షావళిలో (1890) కంకిని బట్టి రాక్స్‌బర్గ్ చేసిన విభజననే స్థిరపరిచాడు. అయితే ఆయన ముందున్నవి చాలావరకు ఎండు నమూనాలు. పసుపు పువ్వు పలచన, పుచ్ఛాలలో నీరెక్కువ. కాగితాల మధ్య అదిమితే రూపు పోతుంది. పైగా తూర్పు కనుమల్లోనూ దొరికే కుర్కుమా సూడోమోంటానా లాంటి జాతులు వానల మొదట్లో పక్క కంకి వేసి, తరువాత మధ్య నుంచీ వేస్తాయి. అలాంటి మొక్కను ఏ నెలలో చూస్తే ఆ గుంపులో వేయడం జరిగింది. 1993లో వృక్షశాస్త్రజ్ఞులు మాంగలి, సాబు దక్షిణ భారత జాతులను పునఃసమీక్షించారు. 2007లో యానా లియోంగ్ స్కోర్నిచ్కోవా బృందం భారతీయ జాతుల క్రోమోజోములను లెక్కించి 22 నుంచి 105 వరకు తేడాలున్నాయని చూపింది. వంట పసుపులో 63 ఉంటాయి. అది గింజ అరుదుగా కట్టడానికి ఈ బేసి కూర్పే కారణం. జెడోయేరియా పేరు చిక్కును అదే బృందం 2008లో విడిగా పరిశీలించింది.

తెలుగు నేలపై సేద్యపు లెక్క వేరు. ఇక్కడి రకాలను పంట కాలాన్ని బట్టి మూడుగా విడదీస్తారు. దాదాపు ఏడు నెలల్లో తవ్వే కస్తూరి కొత్తపేట, కస్తూరి తణుకు, కస్తూరి అమలాపురం మొదటి తెగ. ఎనిమిది నెలల కేసరి రకాలు రెండోది. తొమ్మిది నెలలు పట్టే దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు, ఆర్మూరు మూడోది. పాత వ్యవసాయ రచనల్లో మొదటి తెగను కుర్కుమా అరోమాటికా కింద చూపారు. పంట త్వరగా చేతికి రావడం జాతి లక్షణం కాదు గనుక, ఆకు అడుగు చూడకుండా, కంకి కోసం ఆగకుండా ఈ వర్గీకరణను యథాతథంగా తీసుకోరాదు.

నిజామాబాదు మార్కెట్ యార్డులో సరుకును కాడి (కొమ్ము), మండ (తల్లి దుంప), చూర (ముక్కలు) అని వేరు చేసి ధర కడతారు. జూన్‌లో నాటి, జనవరి తరువాత తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన కొమ్ములో ఆకు లేదు, పువ్వు లేదు, పచ్చి వాసన అసలే లేదు. పొడిలో ఆ మాత్రం ఆధారమూ ఉండదు. కోళికోడ్‌లోని భారత సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థలో బి. శశికుమార్ బృందం 2004లో డీఎన్‌ఏ పరీక్షతో బజారు పసుపు పొడుల్లో కచ్చూరం జాతి కలిసి ఉన్నట్లు గుర్తించింది.

పచ్చి మొక్కను చూసే వీలున్న చోటు నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన స్థానం. అది శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది. నల్లరేగడి, ఎర్ర నేలల్లో మొక్కజొన్న అంతరపంటగా పసుపు వేసే ప్రాంతమిది. ఎర్రగుంటూరు వంటి రకాలు ఇక్కడి రైతులకు పాత పరిచయం. గింజ మొలకల నుంచి ఎంపికై 1996లో విడుదలైన ప్రభ (కుర్కుమిన్ 6.5 శాతం), ప్రతిభ (6.2 శాతం) దేశమంతటా ఇలాంటి కేంద్రాల్లో పోలికకు వాడే రకాలు. పరిశోధన స్థానంలో రకాలను దుంపల ద్వారా ఏటా తిరిగి నాటి సజీవంగా కాపాడతారు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో చేసినట్టే పూత వచ్చేదాకా ఆగి చూసే వీలు అక్కడ ఉంది.