ముత్తాత పేరు ఎక్కడ దొరుకుతుంది?

పంతొమ్మిదో శతాబ్దంలో మన గూడేల్లో పుట్టినవాళ్లకు జనన పత్రాలు లేవు, బడి రిజిస్టర్లు లేవు. అందుకే మనకు చరిత్ర లేదన్నారు. ఆ మాట మనం ఒప్పుకోం. ఆదిలాబాద్ గోండుల్లో ముత్తాతను వెతికే దారులు మూడున్నాయి.

మొదటిది ఇంటిపేరు. అది చెప్పగానే సగ తెలుస్తుంది. సగ తెలిస్తే ఎవరు అన్నదమ్ములో, ఎవరితో వియ్యమందవచ్చో తెలుస్తుంది. మెస్రం వంశస్థులు ఏటా పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా దగ్గర కూడి, కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. వంశంలో చేరినవారి లెక్క అక్కడ అందరి ఎదుటే తేలుతుంది.

రెండోది ప్రధాన్. కీక్రి వాయిస్తూ వంశగాథలు పాడే ప్రధాన్‌లు మనకు నడిచే దస్తావేజులు.

మూడోది కాగితం. 1940లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆ దశాబ్దంలోనే గోండులకు భూమి పట్టాలు వచ్చాయి. పాత పట్టాలో తండ్రి పేరు కనిపిస్తే, ఆయన చాలావరకు పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిన మనిషే.

ఇది గొప్ప కోసం చేసే పని కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది, పాత రికార్డుల్లోని మనిషి దాకా వెళ్లే వంశవృక్షాన్నీ, పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలాన్నీ సాక్ష్యంగా తీసుకుంటుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, ప్రతి పిల్లవాడి చేతా, ప్రతి పిల్ల చేతా తాతల పేర్లు రాయించండి. అవ్వల పుట్టింటి పేర్లూ రాయించండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కింద వేయించండి. పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.